చుక్కల గీత

మే 9

నిన్నటి సంగతి ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. ఆలస్యం చేస్తే నాకు కావలసినట్టు మార్చి గుర్తుపెట్టుకుంటాను.

పొద్దున్న వార్డులో కిటికీ తెరిచారు. అప్పటికే తను లేచి ఉంది. నర్సు బీపీ చూసి రాసుకుంది. అత్తయ్య కూతురి కోసం ఫ్లాస్కులో టీ తెచ్చింది. తను రెండు గుక్కలు తాగి చేదుగా ఉందంది. "చేదు నీ నోట్లో ఉంది, నా టీలో కాదు" అంది అత్తయ్య. తను నవ్వింది.

మధ్యాహ్నం తను రాస్తున్న గేము గైడ్ ప్రూఫులు అడిగింది. తేలేదన్నాను. "చివరి కోట మ్యాపు అయిందా?" అంది. అయిందన్నాను. "చుక్కల గీత?" అంది. ఎక్కణ్ణించి ఎక్కడికి వేయాలో నువ్వు చెప్పలేదు కదా అన్నాను. "ఇంటికెళ్ళాక చూపిస్తా. చెప్తే నీకెక్కదు, ఆడి చూడాలి" అంది.

సాయంత్రం కింద మందుల షాపులో లైన్లో నిలబడ్డాను. పైకి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. అత్తయ్య బయట నిలబడి ఉంది. చేతిలో ఫ్లాస్కు మూత.

మందులు షాపువాడు వెనక్కి తీసుకున్నాడు.

మే 10

అందరూ వచ్చారు. వెళ్ళారు.

మే 13

అత్తయ్య ఇక్కడే ఉండిపోతానంది.

"నా ఇంటికెళ్ళి ఏం చెయ్యాలి? గోడలతో మాట్లాడుకోవాలి. ఇక్కడ నువ్వున్నావు. గోడకంటే కాస్త నయం" అంది.

బాగానే ఉంది.

మే 20

ఆఫీసుకి వెళ్ళాను. కొత్త కాలనీకి నీటి పైపుల మ్యాపు నా బల్ల మీద పెట్టి ఉంచారు. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ కూడబలుక్కున్నట్టున్నారు. సాయంత్రానికి సగం గీశాను. బాగానే ఉంది.

మే 24

పబ్లిషర్ వచ్చాడు. వెంట ఉడుము.

ఆ పేరు తను పెట్టిందే. పట్టుకుంటే వదలదని. ఆమె ఎదుటే అనేది, ఆమె కూడా నవ్వేది. ప్రతి గైడ్ పుస్తకాన్నీ అచ్చుకి ముందు ఆడి సరిచూసేది ఉడుమే. ఆ గేములు ఆమె ఆడినంత బాగా ఆడేవాళ్ళు లేరని తనే చెప్పేది.

పబ్లిషర్ కప్పు పట్టుకుని చాలాసేపు టీ తాగలేదు.

"ఈ రోజుల్లో గేము గైడ్ అచ్చేసేవాణ్ణి పిచ్చోడంటున్నారండీ. అన్నీ ఫోన్లో దొరుకుతాయి. అయినా మేడమ్ పేరు చూసి కొనేవాళ్ళు కొంటున్నారు. ఎందుకంటారా? మేడమ్ పుస్తకంలో తప్పుండదు. అందుకే ఇంత మొహమాటపడుతూ వచ్చాను."

చివరి అధ్యాయం పడాల్సిన ఆఖరి పదహారు పేజీల ఫారం తప్ప పుస్తకమంతా అచ్చయిపోయింది. ఆ అచ్చయిన పేజీల్లో ఒక లైను ఉంది. బావిగట్టు దగ్గర ముసలామె ఇచ్చే ఇత్తడి గంటని అమ్మొద్దు, చివరి కోటలో మిమ్మల్ని కాపాడేది అదే, అని.

"కోటంతా మోగించి చూశానన్నయ్యా" అంది ఉడుము. "సింహాసనం ముందు, మెట్ల మీద, ప్రతి గదిలో. ఉలుకూ పలుకూ లేదు. ఆడినవాళ్ళంతా అదే మాట. ఆ గంట ఒట్టి తుక్కు, అమ్మేసుకోవడమే అంటున్నారు. అక్క ఎందుకు రాసిందో నాకు అంతుబట్టట్లేదు."

"తను ఆడి చూడనిది రాయదు."

"నాకు తెలీదా? నోట్సేమైనా ఉన్నాయా? పోనీ, తన ఆట సేవ్ చేసి ఉందా?"

రెండూ లేవు. తను నోట్సు రాయదు, నేరుగా పేజీ రాస్తుంది. పుస్తకం చివరికొచ్చిందంటే చేసిన సేవులన్నీ చెరిపేస్తుంది. ఏమీ తెలియనిదానిలా కూర్చుని, తన పేజీలే చూసుకుంటూ మళ్ళీ మొదటి నుంచి ఆడుతుంది. తనే తన పుస్తకానికి పరీక్ష పెట్టడం. ఈసారి చెరపడం వరకు అయింది.

పబ్లిషర్ నేల చూస్తూ చెప్పాడు. చివరి అధ్యాయం ఉడుము రాస్తుంది. పుస్తకం వెనకాల తప్పొప్పుల పట్టిక వేస్తారు. ఒక్క లైను. గంట సంగతి పొరపాటు అని.

తను ఇన్ని పుస్తకాలు రాసింది. ఒక్కదానికీ తప్పొప్పుల పట్టిక లేదు.

"చివరి ఫారం ఎప్పుడు మిషనెక్కుతుంది?" అన్నాను.

"వచ్చే నెలాఖరుకి."

"అప్పటిదాకా ఆగండి. నేను ఆడి చూస్తాను."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అన్నయ్యా, ఎప్పుడైనా కంట్రోలర్ పట్టుకున్నారా మీరు?"

"లేదు."

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "భూమిలో కనబడని గొట్టాలకే దారులు గీస్తాడు. కనబడే బొమ్మల్ని నడిపించలేడా?"

ఇదంతా ఒక్క లైను కోసం. అంతకంటే ఏమీ లేదు.

మే 25

మొదలుపెట్టాను.

నలుగురు మనుషులు. కత్తి పట్టినవాడు, వైద్యురాలు, విలుకాడు, గొర్రెతోలు కప్పుకున్న మంత్రగాడు. ఊళ్ళూ అడవులూ దాటి, చివరి కోటలో కూర్చున్న ఇనుపరాజుని గద్దె దించాలి. దారిలో జంతువులు అడ్డంపడతాయి. అప్పుడు తెర మీద రెండు మాటలు వస్తాయి. పోరాడు. పారిపో.

ఈ దేశంలో నాకు తెలియని సందు లేదు. తను ముందుగదిలో ఆడుతూ గట్టిగా చెప్తుంటే, పక్క గదిలో బల్ల మీద మ్యాపులన్నీ గీసింది నేనే. ఏ పుస్తకానికైనా అంతే. దారులు తెలుసు. దారిలో ఏముంటాయో చూడలేదు.

మొదటి వంతెన మీద తోడేలుంది. మూడు కాళ్ళది. పోరాడాను. చచ్చాను. మళ్ళీ పోరాడాను. మళ్ళీ చచ్చాను.

"ఆ పీతని సరిగ్గా పట్టుకో" అంది అత్తయ్య. కంట్రోలర్‌కి ఆమె పెట్టిన పేరు.

"బటన్లు గట్టిగా ఉన్నాయి అత్తయ్యా."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట."

మే 26

తోడేలు.

మే 27

చేతులు రెండూ పీత మీదుంటే పేజీలు ఎవరు తిప్పాలి? అత్తయ్య చదువుతానంది. ఆమె కళ్ళజోడు ఎంత వెతికినా దొరకలేదు. బల్ల మీదున్నది తీసి పెట్టుకుంది. తల్లీకూతుళ్ళిద్దరిదీ ఒకటే పవరని ఇన్నేళ్ళలో నాకు తెలీదు.

కాసేపు తెర వైపే చూశాను.

అత్తయ్య సర్వీసంతా బస్సు కండక్టరుగా చేసింది. మెల్లగా చదవడం రాదు. మూడిళ్ళ అవతలికి వినబడుతుంది.

"వంతెన! వంతెన! మ్యాపులో రెండు గీతలున్నాయి. నిండు గీత, చుక్కల గీత. ఏది పట్టుకోవాలి?"

నిండు గీత పోరాడేవాళ్ళకి. చుక్కల గీత పారిపోయేవాళ్ళకి. వేరే ఏ గైడ్ తెరిచినా నిండు గీతే ఉంటుంది. ప్రతి మ్యాపులో రెండూ ఉండాల్సిందేనని తను పట్టుబట్టేది. "పుస్తకం కొనేది గెలవలేనివాడు. గెలిచేవాడికి పుస్తకం దేనికి?" అనేది. ఎంత విసుక్కుంటూ వేసేవాణ్ణో ఆ చుక్కలు.

"చుక్కలదే పట్టుకుందాం" అన్నాను.

"అంతే. బతికుంటే బలుసాకు తినొచ్చు. రైట్, రైట్!"

'పారిపో' నొక్కాను. కంచె పక్క సందులోంచి నలుగురినీ పరిగెత్తించాను. తోడేలు వంతెన మీదే నిలబడి చూస్తూ ఉండిపోయింది.

వంతెన దాటాం.

మే 28

రోజూ ఆఫీసుకి ముందు కాసేపు, వచ్చాక కాసేపు. అత్తయ్య వేళకి స్టూలు లాక్కుని కూర్చుంటోంది. నేను నేల మీద. తను ఆడుతూ కూర్చునే కుర్చీ గోడవైపు జరిపి పెట్టాం. అది అడ్డు లేకపోతే వెలుగు బాగా వస్తుంది కాబట్టి.

జూన్ 1

బావిగట్టు ఊరు చేరాం. ముసలామె గంట ఇచ్చింది. కొట్టువాడు దానికి మంచి ధర ఇస్తానన్నాడు.

"వాడి మొహం. అమ్మకు" అంది అత్తయ్య.

అమ్మలేదు.

జూన్ 4

బురదనేలలో ఒక దున్న దారికి అడ్డంగా పడుకుని ఉంటుంది. చుక్కల గీత దాని తోక వెనకాల నుంచి పోతుంది. పోయాం. అది లేచి చాలా దూరం మా వెనకే వచ్చింది. దాడి చేయలేదు. ఊరికే వచ్చింది.

"టికెట్ తీసుకోకుండా ఎక్కేశాడు వీడు" అంది అత్తయ్య. అప్పట్నించి దాని పేరు టికెట్ లేని దున్న.

ఇలాంటి పాసింజర్లు పోగవుతున్నారు. మూడుకాళ్ళ తోడేలు. దీపం మోసే చేప. బండ ఎత్తుకుని ఏడుస్తూ తిరిగే రాక్షసుడు, అతన్ని అత్తయ్య డిపో మేనేజర్ అంటుంది. ఒక్కరితోనూ పోరాడి గెలవలేదు. నాకు చేత కాదు.

జూన్ 7

పెద్ద శత్రువుల దగ్గర పారిపోవడం కుదరదు. తెర మీద ఆ మాట వెలిసిపోయి ఉంటుంది, నొక్కినా పలకదు. అక్కడ తన పేజీలు ఎలా చెప్తే అలా చేయాలి. మరో దారి లేదు.

ఈ రోజు కప్పరాణి.

"నోరు మూడోసారి తెరిచాక ఉప్పు చల్లండి" అని చదివింది అత్తయ్య. "తొందరపడకండి. మొదటిసారీ రెండోసారీ మిమ్మల్ని రెచ్చగొట్టడానికే తెరుస్తుంది."

నేను రెండోసారికే చల్లేశాను. చచ్చాం.

"అది రాసింది నీకోసమే" అంది అత్తయ్య. "తొందరపడకండి అని, చూడు, ఇంత స్పష్టంగా. నువ్వు గుర్తొచ్చే రాసుంటుంది."

రెండో ట్రిప్పులో ఆగాను. మూడోసారి నోరు తెరిచింది. చల్లాం.

గెలిచాం! అత్తయ్య లేచి నిలబడి నోట్లో వేళ్ళు పెట్టి విజిల్ వేసింది. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. ఏమైందని అడిగితే, "మా అల్లుడు కప్పని చంపాడు" అంది అత్తయ్య. ఆవిడ నా వంక ఒక రకంగా చూసి కిటికీ వేసుకుంది.

జూన్ 8

కప్ప గురించి ఆఫీసులో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. బాగానే నవ్వారు.

జూన్ 12

ఉడుము ఫోన్ చేసింది.

"ఏ లెవెల్లో ఉన్నారన్నయ్యా?"

"తొమ్మిది."

"తొంభయ్యా?"

"తొమ్మిది."

ఎక్కడున్నారని అడిగింది. మంచుకనుమ కింద అన్నాను.

"మంచుకనుమ దాకా తొమ్మిదితో వచ్చారా? ఎలా వచ్చారసలు? నేను కోటలోకి అడుగుపెట్టేసరికి దారిలో ఒక్క పురుగుని కూడా మిగల్చలేదు. అలా అయితేనే బలం వస్తుంది. ఈ లెవెల్‌తో వెళ్తే ఇనుపరాజు తుమ్మితే పోతారు మీరు."

అత్తయ్య ఫోన్ లాక్కుంది. "అమ్మాయ్, మాది ఆర్డినరీ బస్సు. మెల్లగా పోతాం. చేరడం మాత్రం చేరతాం."

జూన్ 15

మంచుకనుమ దాటాం. తన పేజీ ఎక్కడా తప్పలేదు. ఎడమకి తిరగమంటే ఎడమకే దారి ఉంది. మూత కింద మందు ఉందంటే ఉంది. ఎవరి మాటా ఇంతలా నమ్మి నడవలేదు నేను.

జూన్ 18

కోట ఇంక దగ్గర్లోనే. ఈ రోజు కోట చుట్టూ ఉన్న ఉప్పుమైదానంలో ఇంకోసారి తిరిగి వచ్చాం. మ్యాపు సరిచూడాలి కదా.

జూన్ 19

మళ్ళీ ఉప్పుమైదానం. ఒక రాయి దగ్గర అనుమానం వచ్చింది. సరిగ్గానే ఉంది.

జూన్ 20

మళ్ళీ అటే మళ్ళిస్తుంటే అత్తయ్య పుస్తకం మూసేసింది.

"చివరి స్టాపు కనబడుతోంది. డ్రైవరు బండి వెనక్కి తిప్పుతున్నాడు. ఏమిటి సంగతి?"

"మ్యాపు..."

"మ్యాపు బాగానే ఉంది. గీసినవాడి సంగతే అడుగుతున్నాను."

ఆమె కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"నాకూ తొందరేం లేదులే" అంది. "కానీ దిగాల్సిన చోట దిగాలి నాయనా. లేకపోతే బండి డిపోకి పోతుంది, మనం దాంతోపాటే పోతాం."

కోట గుమ్మం దగ్గర సేవ్ చేసి ఆపాం.

జూన్ 21

కోట.

ఇక్కణ్ణించి పేజీలు లేవు. నా మ్యాపు మాత్రం ఉంది. గుమ్మం దాటగానే తలుపు మూసుకుపోతుంది. లోపలి నుంచి పైకి, సింహాసనం దాకా నిండు గీత. చుక్కల గీత లేదు.

మ్యాపు బల్ల మీద పరిచి చూస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. అట్టడుగున, తూము పక్కన ఒక ఖాళీ గది ఉంది. మొదట చిన్నగా గీశాను. తను వచ్చి చూసి పెద్దది చెయ్యమంది. అందులో ఏమీ లేదు కదా అన్నాను. "లేకపోతే ఏం? కనబడాలి" అంది. చెరిపి మళ్ళీ గీశాను. విసుక్కున్నాను కూడా.

కాపలావాళ్ళని తప్పించుకుంటూ, సందుల్లోంచి సందుల్లోకి దూరుతూ సింహాసనం గదికి చేరాం. ఇనుపరాజు లేచాడు. గంట మోగించాను.

ఏమీ కాలేదు.

చచ్చాం.

జూన్ 22

తూము గదిలో మోగించాను. అదే మొదట చూడాలని పొద్దున్నే లేచాను. ఆ గదికి బయటివైపు ఒక ఇనుప గేటు. దాని మీద గంట బొమ్మ చెక్కి ఉంది. అత్తయ్యా నేనూ ఊపిరి బిగబట్టాం.

ఏమీ కాలేదు. గేటు కదల్లేదు.

సింహాసనం దగ్గరికి పైకెళ్ళాం. చచ్చాం.

జూన్ 23

మెట్లు. వంటశాల. బురుజు. ప్రతి చోటా మోగించాం. రాజు ముందు పది రకాలుగా చచ్చాం.

జూన్ 24

తప్పొప్పుల పట్టికలో ఏ మాట పడాలో నేనే రాద్దామని కూర్చున్నాను. ఎవరో రాసేకంటే నయం.

"బావిగట్టు అధ్యాయంలో ఇత్తడి గంట గురించి చెప్పినది పొరపాటు. పాఠకులు మన్నించగలరు."

అత్తయ్య భుజం మీంచి చదివింది.

"ఎవరి పొరపాటు?"

"పుస్తకానిది."

"పుస్తకం దానంతటది రాసుకుందా?"

పెన్నుకి మూత పెట్టాను.

"చూడు" అంది. "అది చిన్నప్పుడు నా డ్యూటీలో బస్సెక్కి వెనక సీట్లో కూర్చునేది. నిద్రపోయిన ముసలాళ్ళని వాళ్ళ స్టాపు వచ్చిందని లేపేది. ఎవరూ చెప్పలేదు దానికి. టికెట్ కొట్టినవాణ్ణి దారి మధ్యలో దింపే రకం కాదు నా కూతురు. గంట కాపాడుతుందని రాసిందా? కాపాడుతుంది. ఎక్కడో మనమే స్టాపు తప్పుతున్నాం."

ఆ గొంతు మూడిళ్ళ అవతలికి వినబడలేదు. నాకే వినబడింది.

కాగితం చింపాను.

జూన్ 25

ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి చెప్పాను. ఒంట్లో బాగానే ఉంది.

జూన్ 26

గెలిచాం.

వరసగా రాస్తాను.

పొద్దున్న టీ తాగి కూర్చున్నాం. అత్తయ్య స్టూలు విరిగింది. ఎప్పట్నించో కీచుమంటూనే ఉంది. ఆమె ఇటూ అటూ చూసి, గోడ దగ్గరున్న కుర్చీ లాక్కుని అందులో కూర్చుంది. నా వంక చూసింది. "అక్కడే బాగుంది, కూర్చోండి" అన్నాను.

మళ్ళీ సింహాసనం గది. రాజు లేచాడు. మొదటి దెబ్బకే విలుకాడు పడ్డాడు. రెండో దెబ్బకి వైద్యురాలు ఒరిగింది. ఇంక నా బొటనవేలు నేను చెప్పకుండానే పనిచేసింది. నెల రోజుల అలవాటు. 'పారిపో' నొక్కింది.

పెద్ద శత్రువుల దగ్గర ఆ మాట వెలిసిపోయి ఉంటుంది. అందుకే ఇన్నిసార్లూ అటు చూడనే లేదు. ఇక్కడ వెలిసిపోలేదు. ఇన్నాళ్ళూ వెలుగుతూనే ఉంది.

నలుగురూ లేచి తలుపులోంచి బయటపడ్డారు.

"అదేమిటి! రాజు ముందు నుంచి లగెత్తావా?" అంది అత్తయ్య.

"లగెత్తనిచ్చాడు!"

వెనక ఇనుప అడుగుల చప్పుడు. రాజు గద్దె దిగి వస్తున్నాడు. ఇన్ని రోజుల్లో వాడు ఆ గది దాటగా చూడలేదు. 

"ఎటు పోతున్నావు? పేజీలో లేదు! మ్యాపులో గీత లేదు!"

"నాకు తెలుసు" అన్నాను.

తెలుసు. ప్రతి మ్యాపులో చుక్కల గీత ఎక్కడ ఆగుతుంది? బయటికి పోయే చోట. ఈ కోట నుంచి బయటికి పోయేది ఒక్కటే, నీళ్ళు. నీళ్ళు ఎటు పోతాయో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. ఆఫీసులో నా పని అదే. మెట్లు దిగాం. వంటశాల వెనక సందు. బొగ్గుల కొట్టు. ఎడమ. మళ్ళీ ఎడమ. అత్తయ్య మ్యాపు వదిలేసి కుర్చీ చేయి పట్టుకుని "పోనీ, పోనీ, పోనీ" అంటోంది.

తూము గది.

గేటు మీద చెక్కిన గంట బొమ్మ ఈసారి వెలుగుతోంది. వెనక అడుగులు దగ్గరయ్యాయి. గంట మోగించాను.

గేటు పైకి లేచింది. బయట ఉప్పుమైదానం. తెల్లగా, ఖాళీగా.

ఎవరూ లేరు.

తర్వాత దూరంగా ఏదో కుంటుతూ కనబడింది.

"తోడేలు!" అంది అత్తయ్య. "అల్లుడూ, వంతెన మీది తోడేలు! మూడు కాళ్ళు!"

దాని వెనక దీపం చేప. దాని వెనక డిపో మేనేజర్, బండ ఎత్తుకునే. మేం చుక్కల గీత పట్టుకుని తప్పుకుపోయిన ప్రతి ప్రాణీ వస్తోంది. మేం పేరు పెట్టినవీ, పెట్టనివీ. అత్తయ్య లేచి నిలబడింది. ఒక్కొక్కదాన్నీ పిలుస్తోంది. అందరికంటే వెనక, తాపీగా, దున్న.

"అదుగో! టికెట్ లేనివాడు కూడా వచ్చాడ్రా నాయనా! లోపలికి జరగండి, లోపలికి జరగండి! ఫుట్‌బోర్డు మీద నిలబడకండి!"

అవి మా నలుగురి పక్క నుంచి లోపలికి వెళ్ళి రాజుకి ఎదురుగా నిలబడ్డాయి. డిపో మేనేజర్ బండ దింపి మెట్లకి అడ్డంగా పెట్టాడు. ఇంక రాజుకి తిరిగి గద్దెకి పోయే దారి లేదు. వాడు వాటిని చూశాడు. కిరీటం తీసి నేల మీద పెట్టాడు.

ఎవరూ చావలేదు. ఎవర్నీ చంపలేదు. 

అత్తయ్య విజిల్ వేయబోయింది. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. రాలేదు. కళ్ళజోడు తడిసిపోయింది. తీసుకుని తుడిచి ఇచ్చాను. కాసేపయ్యాక ఆమె నాది కూడా తుడిచి ఇచ్చింది.

"ఆడి చూడాలి" అంది తను ఆ రోజు వార్డులో. చూశాను.

బాగుంది.

జూన్ 27

ఫోన్ చేసి చెప్తే ఉడుము పరిగెత్తుకుంటూ వచ్చింది. మా ఆట మళ్ళీ ఒకసారి చూపించమంది. చూపించాం. వెంట తెచ్చుకున్న మెమరీ కార్డు పెట్టి, తన ఆట తెరిచింది. ఆమె మనుషులు నిగనిగలాడుతున్నారు. ఒక్కొక్కడి కత్తి మా తలుపంత ఉంది. రాజు ముందు నిలబడి, పళ్ళు బిగించి 'పారిపో' నొక్కింది.

"జన్మలో నొక్కలేదన్నయ్యా ఈ బటను. వేలు వంగట్లేదు."

తూము గది. గంట మోగించింది. గేటు లేచింది. తెల్లటి మైదానం.

చాలాసేపు చూశాం. గాలి తప్ప ఏమీ లేదు.

"నా ఆటలో బయట ఎవరూ లేరన్నయ్యా" అంది మెల్లగా. "అందర్నీ చంపేశాను కదా."

పీత కింద పెట్టేసింది. అత్తయ్య టీ ఇచ్చింది.

"అయితే అక్క..." అంది ఉడుము, "పుస్తకమంతా ఈ గేటు కోసమే రాసుకుంటూ వచ్చిందా? పారిపొమ్మని, పారిపొమ్మని?"

"పారిపొమ్మని కాదే పిచ్చిదానా" అంది అత్తయ్య. "వదిలెయ్యమని."

ఉడుము వెంటనే పబ్లిషర్‌కి ఫోన్ చేసింది. ఆయన అరుపు మాకందరికీ వినబడింది. తప్పొప్పుల పట్టిక లేదు. ఆడినవాళ్ళెవరూ చూడని ముగింపు మేడమ్ పుస్తకంలో తప్ప ఎక్కడా లేదని అట్ట మీద వేస్తాడట. చివరి అధ్యాయం నువ్వే రాసెయ్యమని ఉడుముతో అన్నాడు.

"నేనెందుకు రాస్తాను?" అంది ఉడుము. "నా ఆటలో దున్న రాలేదు. దున్న వచ్చినవాళ్ళు రాయాలి."

జూన్ 28

రాశాం. అత్తయ్య చెప్పింది, నేను రాశాను. "లోపలికి జరగండి" అన్నది తీసేద్దామన్నాను. ఒప్పుకోలేదు. ఉంచాం.

చివరి వాక్యం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. తను ఎలా ముగిస్తుందో గుర్తు చేసుకున్నాం. తను ఎప్పుడూ పెద్ద మాటతో ముగించదు. తర్వాత ఏం చేయాలో చెప్పి ఊరుకుంటుంది. అందుకే ఇలా రాశాం: గంట దాచుకోండి. మళ్ళీ మొదటి నుంచి ఆడేటప్పుడు పనికొస్తుంది.

జూన్ 29

పబ్లిషర్ మనిషి అధ్యాయం పట్టుకెళ్ళాడు. కోట మ్యాపు రేపు మధ్యాహ్నానికి ఇస్తానని చెప్పి పంపాను.

విరిగిన స్టూలు బయట పెట్టేశాను. కుర్చీ తెరకి ఎదురుగా జరిపాను. దాని చోటు అదే.

కొత్త గేమొకటి వస్తోందట. అడ్వాన్సు డిస్కు పంపనా అని పబ్లిషర్ ఫోన్లో అడిగాడు. ఆలోచించి చెప్తానన్నాను. వెనక నుంచి అత్తయ్య, "ఆలోచించేదేముంది, పంపించమను. మ్యాపులు ఇతను, స్టాపులు నేను" అంది.

పెన్నులు కడిగి ఆరబెట్టాను. సన్నపాళీ బాగానే పనిచేస్తోంది. మ్యాపుని డ్రాయింగు పిన్నులతో బల్ల మీద బిగించి ఉంచాను.

రేపు పొద్దున్న, వెలుగు బల్ల మీదికి రాగానే, సింహాసనం నుంచి తూము గది దాకా చుక్కల గీత వేస్తాను.